బర్డ్ ఫ్లూ మీద నిఘా: కంప్యూటర్ ముందు కూర్చుంటే సరిపోతుందా?

ప్రశ్న: మైక్రోబయాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. కోళ్లలో బర్డ్ ఫ్లూ ఎలా వ్యాపిస్తోంది, వైరస్ ఎలా మారుతోంది అని కనిపెట్టే పని చేయాలని ఉంది. కానీ కోళ్ల షెడ్లలోకి వెళ్లడం, శాంపిళ్లు తీయడం నా వల్ల కాదనిపిస్తోంది. కంప్యూటర్ మీద చేసే పనే ఎంచుకోవచ్చా? వెటర్నరీ చదవలేదని టెన్షన్‌గా కూడా ఉంది.

జవాబు: ఎంచుకోవచ్చు. కాకపోతే షెడ్డు ముఖం ఒక్కసారైనా చూడకుండా మాత్రం వద్దు.

ముందు టెన్షన్ సంగతి. చనిపోయిన కోడిని కోసి చూడటం, మందలో జబ్బును గుర్తించడం వెటర్నరీ డాక్టర్ల పని. ల్యాబ్‌లో ఆర్‌టీ-పీసీఆర్ చేయడం, పాజిటివ్ వచ్చినవాటి జన్యుక్రమం చదవడం, దాన్ని పాతవాటితో పోల్చడం మీలాంటివాళ్లు చేయగల పనులే. పీజీలో బయోఇన్ఫర్మాటిక్స్ (జన్యు సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించడం), వైరాలజీ (వైరస్‌ల చదువు), ఎపిడెమియాలజీ (జబ్బులు ఎలా వ్యాపిస్తాయన్న చదువు) మూడూ ఇటే తీసుకొస్తాయి. నన్నడిగితే ఎపిడెమియాలజీకే ఓటేస్తాను. ప్రోగ్రామింగ్ పని చేస్తూ నేర్చుకోవచ్చు. ఎపిడెమియాలజీలో ఉండే స్టాటిస్టిక్స్ అలా ఒంటబట్టదు, దాన్ని ఎవరైనా కూర్చోబెట్టి నేర్పాలి.

అసలు కంప్యూటర్‌లో ఏం చూస్తారు? ఈ వైరస్ జన్యుపదార్థం ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. ఒకే పక్షిలోకి రెండు రకాల వైరస్‌లు చేరితే ఆ ముక్కలు కలగాపులగమై కొత్త రకం పుట్టొచ్చు. ఇది కాక, కాపీ అయిన ప్రతిసారీ దొర్లే చిన్నచిన్న తప్పులు ఎలాగూ ఉంటాయి. హెచ్5, హెచ్7 రకాల్లో అందరి కళ్లూ వైరస్ పైభాగాన ఉండే హిమాగ్లుటినిన్ అనే ప్రోటీన్‌లో ఒక చిన్న చోటు మీదే ఉంటాయి. అది తెగితేనే వైరస్ కణంలోకి దూరగలదు. అక్కడ ఆర్జినిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు వరుసగా చేరాయంటే, శరీరమంతటా ఉండే ఎంజైములు దాన్ని కోసేయగలవు. అప్పటిదాకా శ్వాసనాళానికి, పేగులకు పరిమితమైన తేలికపాటి రకం మందకు మందనే తుడిచిపెట్టే రకమవుతుంది. అందుకే కోళ్లు చావకపోయినా నిఘా ఆపరు. బాతుల్లో ప్రమాదకరమైన రకం కూడా చాలాసార్లు లక్షణాల్లేకుండా తిరుగుతుంది. టీకా వేసిన మందల్లోనూ చడీచప్పుడూ లేకుండా పాకవచ్చు. మందలో టీకా వేయని కోళ్లను కొన్నింటిని కావాలనే ఉంచి గమనించడం అందుకే.

ఇప్పటి హెచ్5ఎన్1 పూర్వీకుడు 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక బాతు జాతి పక్షిలో, అంటే గూస్‌లో దొరికింది. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురు చనిపోయారు. 2024లో అమెరికా పాడి ఆవుల్లో బయటపడింది. ఇన్నేళ్ల ప్రయాణాన్ని ఒకే వంశవృక్షంలో చూడగలుగుతున్నామంటే, ఎక్కడో ఎవరో కోడి గొంతులో స్వాబ్ తిప్పి, ట్యూబు మీద తేదీ సరిగ్గా రాశారు కాబట్టే.

షెడ్డు చూడమన్నది ఇందుకే. నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒకమ్మాయి ప్రాజెక్టులో వైరస్ వెనక్కి ప్రయాణించినట్టు తేలింది. పిల్ల వైరస్ ముందు, తల్లి వైరస్ తర్వాత! రెండు వారాలు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంది. చివరికి చూస్తే ఒకరు తేదీ ముందు, నెల తర్వాత రాశారు, ఇంకొకరు నెల ముందు రాశారు. మూడో తేదీ నాలుగో నెల కాస్తా నాలుగో తేదీ మూడో నెల అయింది. శాంపిళ్లు తీసేచోట ఒక పూట నిలబడ్డవాళ్లకు ఇలాంటి అనుమానం మొదటిరోజే వస్తుంది. ఒళ్లంతా కప్పే సూటులో చెమటలు కారుతుంటే, కళ్లద్దాల మీద ఆవిరి పట్టి ఏమీ కనపడకుంటే, తడి గ్లవ్స్‌తో లేబుల్ మీద రాయడం ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు. ఏ షెడ్డు, బతికున్న కోడా చచ్చినదా, పక్కన బాతులున్నాయా, ఇవేవీ లేని జన్యుక్రమంతో పెద్దగా చెప్పగలిగేదేమీ ఉండదు.

జబ్బు సోకిన షెడ్డులోకి మిమ్మల్ని ఎవరూ పంపరు, పంపకూడదు కూడా. ఆరోగ్యంగా ఉన్న మందలో మామూలు తనిఖీకి వెళ్లే బృందం వెంట, అనుమతి తీసుకుని, వాళ్ల జాగ్రత్తలన్నీ పాటిస్తూ ఒక రోజు వెళ్లండి. మీ 'నా వల్ల కాదు' అనేది వాసన వల్లా, సోకుతుందన్న భయం వల్లా, పక్షుల్ని పట్టుకోవాలన్న బెరుకు వల్లా అన్నది అక్కడే తేలుతుంది. వాసన అయితే అలవాటవుతుంది.

ఈలోగా ఇంట్లోనే మొదలుపెట్టండి. జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో హెచ్5ఎన్1 జన్యుక్రమాలు ఉచితంగా దొరుకుతాయి. అలాంటిదే ఇంకొకటైన జిసెయిడ్‌లో పేరు నమోదు చేసుకోవాలి, వాళ్ల నిబంధనలు చదివి ఒప్పుకోవాలి. నెక్స్ట్‌స్ట్రెయిన్ అనే వెబ్‌సైట్‌లోని వైరస్ వంశవృక్షాల్ని ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఒక ఏడాదివి యాభై హిమాగ్లుటినిన్ జన్యుక్రమాలు తీసుకుని మీరే ఒక వృక్షం గీయండి. ఏదో ఒక కొమ్మ ఉండకూడని చోట కనిపిస్తుంది. అది వైరస్ చేసిన పనా, ట్యూబు మీద రాసినవాళ్ల పొరపాటా అని తవ్వాలనిపించిందా, ఈ రంగానికి దరఖాస్తు పెట్టేయండి. విసుగొచ్చిందా, పీజీ ఫీజు కట్టకముందే తెలిసింది కాబట్టి మంచిదే.