సెర్న్ డిటెక్టర్లకు కోడ్ రాస్తానంటోంది, బతుకుతెరువేనా?

పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి బరంపురంలో బీటెక్ కంప్యూటర్స్, మూడో ఏడాది. తోటివాళ్లంతా హైదరాబాద్ ఉద్యోగాలకు తయారవుతుంటే, తను సెర్న్ డిటెక్టర్లకు సాఫ్ట్‌వేర్ రాస్తానంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది."

అయ్యా, పని మంచిదే. ఉద్యోగాలే తక్కువ.

సెర్న్ అంటే జెనీవా దగ్గరున్న కణ భౌతిక ప్రయోగశాల. కణాలు ఢీకొన్నప్పుడు ఏం పుట్టిందో పట్టి చూపే యంత్రమే డిటెక్టర్. అక్కడి సీఎంఎస్ అనే డిటెక్టర్ పొడవు 21 మీటర్లు, బరువు 14,000 టన్నులు. అంతటిదాన్ని ముందు కంప్యూటర్‌లో కట్టి, అందులోకి కణాలను వదిలి చూస్తారు. అందుకు ఎక్కువగా వాడేది 1998లో తొలిసారి విడుదలైన జియాంట్4 అనే సాఫ్ట్‌వేర్. సి++ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు, ఉచితం. ముందు ఆకారం చెప్పాలి, పెట్టెనో గొట్టమో. తర్వాత అది ఇనుమా, సిలికానా అన్నది. ఆపైన దాన్ని ఎక్కడ పెట్టాలో. ప్రతి భాగమూ ఒక తల్లి భాగం లోపల కూర్చుంటుంది, వంటింట్లో గిన్నెలో గిన్నె సర్దినట్టు. కానీ ఇక్కడ పిల్ల గిన్నె తల్లి అంచు దాటినా, పక్కదానిలోకి చొరబడినా కణం ఏ గిన్నెలో ఉందో ప్రోగ్రాంకు లెక్క తప్పుతుంది. ఒక్కోసారి ఎర్రర్ కూడా రాదు, తప్పుడు ఫలితం వస్తుందంతే. అలాంటి చోట్లు గంటల తరబడి వెతికే ఓపిక ఉందా? మార్కుల కంటే ముందు నేను అడిగేది ఇదే.

పరీక్ష ఇంట్లోనే పెట్టొచ్చు. మన దేశంలో న్యూట్రినోలనే సూక్ష్మ కణాల కోసం రూపొందించిన ఐకాల్ అనే డిటెక్టర్ డిజైన్‌లో 5.6 సెంటీమీటర్ల ఇనుప పలకలు, వాటి మధ్య 4 సెంటీమీటర్ల ఖాళీలు, అలా 150 వరుసలు ఉంటాయి. జియాంట్4లో ఇరవై వరుసలు కట్టమనండి. 1 జీఈవీ శక్తి ఉన్న మ్యూయాన్ అనే కణాన్ని వదిలి, ఎన్నో పలకలో ఆగిందో చూడమనండి. మామూలు ల్యాప్‌టాప్ చాలు.

నచ్చితే దారి దగ్గర్లోనే ఉంది. ఖుర్దా రోడ్ పక్కన జట్నీలోని నైసర్ అనే జాతీయ సైన్స్ విద్యాసంస్థలో సెర్న్ ప్రయోగాల్లో పనిచేసే అధ్యాపకులు ఉన్నారు. తను రాసిన ఆ ఇరవై వరుసల ప్రోగ్రాం జతచేసి వేసవి ప్రాజెక్టు కోసం మెయిల్ రాయొచ్చు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో సెర్న్ ప్రాజెక్టులూ వస్తుంటాయి, స్టైపెండ్ ఇస్తారు. 2017 నుంచి భారత్ సెర్న్‌లో అసోసియేట్ సభ్య దేశం కాబట్టి అక్కడి ఉద్యోగాలకు మనవాళ్లు అప్లై చేయొచ్చు, పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది. క్యాన్సర్ రేడియేషన్ చికిత్స లెక్కలకూ, ఉపగ్రహాల మీద రేడియేషన్ ప్రభావం చూడడానికీ ఇదే జియాంట్4 వాడతారు. ఆ వైపు కూడా చూడమనండి.

క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు మాత్రం కూర్చోమనండి, ఈ విషయంలో నేను మీ పక్షమే. ఇరవై పలకల ప్రోగ్రాం నడిచాక మళ్లీ రాయండి. ఈసారి తనే రాస్తే మరీ మంచిది.