బిడ్డకి పెద్దబాపు రాసేది: కోచ్ అయితున్నవ్ గదా, జర ఇది చదువు

బిడ్డా,

ఇగ ఫుట్‌బాల్ ఆడుడు బంద్ చేసి కోచింగ్‌ లోకి పోతున్నవని, కోచ్‌ల డి లైసెన్స్ కోర్సుకి పేరు రాయించినవని మీ అమ్మ చెప్పింది. మనింట్ల ఒక కోచ్ అయితున్నడని మస్తు సంబురమైంది, ఈ మొండోని చేతిల చిన్నపిల్లలు పడితే ఏమైతదో అని బుగులు గూడ అయింది. మోకాలికి పట్టీ కట్టుకోని లీగ్ అంతా ఆడినోడివి నువ్వు, డాక్టర్ వద్దంటే ఇంట్ల ఎవ్వరికి చెప్పకుంట పోయి ఆడినవ్, నేను మర్చిపోలే. గందుకే రాస్తున్న.

డి తర్వాత సి, బి, ఏ, ప్రో ఉంటయి, ఒక్కొక్కటి ఎక్కు, ఉరుకకు. ఫస్ట్ ఎయిడ్ నేర్చుకో. జీతం సంగతి కాగితం మీద రాయించుకోకుంట గ్రౌండ్‌ల దిగకు. ఇయన్నీ నీకు తెలిసినయే.

డిఫెండర్ మంచి కోచ్ అయితడు, అది నేను నమ్ముత. వెనకాల నిలబడి ఆడినోడికి గ్రౌండ్ మొత్తం కనబడ్తది, ఎవడు ఎక్కడ జాగా ఇడిసిపెట్టిండో ముందే తెలుస్తది. మన హైదరాబాద్ నయీముద్దీన్ సాబ్‌ని చూడు, 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌ల ఇండియా కెప్టెన్‌గ కాంస్యం తెచ్చిండు, ఆడుడు అయిపోయినంక కోచ్‌గ 1990ల కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కి ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడు పెద్ద టోర్నమెంట్లూ గెలిపించిండు, అదే ఏడు కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డ్ వచ్చింది. కానీ మన డిఫెండర్లకి ఒక రోగం ఉంటది రా. ఫార్వర్డ్ తప్పు చేస్తే జనం అయ్యో అంటరు, మనం తప్పు చేస్తే గోల్ పడ్తది. ఆ భయం ఒంట్ల ఉండిపోతది. పిల్లగాడు బాల్ కాలికింద పెట్టుకోని ఎవరికిద్దామా అని చూస్తుంటే "కొట్టెయ్ కొట్టెయ్" అని లైన్ మీదికెల్లి ఒర్రకు. మా కాలంల నడిచింది. 1992ల బ్యాక్‌పాస్‌ని, అంటే మనోడే కాలితోని వెనక్కిచ్చిన బాల్‌ని, గోల్‌కీపర్ చేత్తోని పట్టొద్దన్నరు, 2019ల గోల్‌కిక్‌ని గోల్ ముందటి బాక్స్ లోపల్నే అందుకోవచ్చన్నరు, ఇప్పుడు ఆట స్టాపర్, అంటే నడిమిట్ల నిలబడే డిఫెండర్, కాడ్నే మొదలైతది. ఇండియా టీంకి కోచ్ అయిన మన రహీం సాబ్ పిల్లలకి బలం లేని కాలితోనే ఆడాలని టోర్నమెంట్లు పెట్టేటోడు, ఆయన బడి పంతులు గదా, పిల్లగాడు తప్పు చేస్తేనే నేర్చుకుంటడని ఆయనకి తెలుసు.

ట్యాక్లింగ్, అంటే ఎదుటోని కాడ బాల్ గుంజుకునుడు, కంటే ముందు నిలబడుడు నేర్పు. ఒళ్లు జర అడ్డంగ తిప్పి, మోకాళ్లు వంచి, చెయ్యి చాపితే అందేంత దూరంల, కండ్లు బాల్ మీద, ఎదుటోని నడుము ఊగుడు మీద కాదు. నీకు గూడ ఇట్లనే నేర్పిన, ముందుగాల ఎన్నిసార్లు పడ్డవో యాదికుందా.

ఇగ అసలు సంగతి. నేను ఆఫీస్ టీంకి ఆడే రోజులల్ల మా స్టాపర్ ఒకడుండె, నా జిగ్రీ దోస్త్. లాల్ బహదూర్ స్టేడియంల లీగ్ మ్యాచ్, కార్నర్‌కి ఎగిరిండు, వాని తల అవతలోని తల టప్పున గుద్దుకున్నయ్, ఆ చప్పుడు నాకు గోల్‌పోస్ట్ కాడికి ఇనొచ్చింది. లేచిండు, నవ్విండు గూడ. నా దగ్గరికొచ్చి "స్కోర్ ఎంతరా" అన్నడు, చెప్పిన, జరసేపటికి మళ్ల అదే అడిగిండు, తర్వాత మనం ఎటు దిక్కు కొట్టాలె అన్నడు. మా కోచ్, పేరెందుకు లే, మొహం మీద నీళ్లు కొట్టి, తలకి గుడ్డ చుట్టి, "శేర్ హై తూ, జా" అని వీపు మీద చరిచి లోపలికి పంపిండు. వాడు గా మ్యాచ్ అయిపోయేదాక బాల్‌ని తలతోని కొట్టే హెడ్డింగ్‌లు కొడ్తనే ఉన్నడు. మ్యాచ్ గెలిచినం, అందరు వాన్ని భుజాల మీద ఎత్తిన్రు. రాత్రి రూంల కక్కుడే కక్కుడు. తర్వాత ఎండల నిలబడలేకపోయేది, లైట్ ఏస్తే కండ్లు మూసుకునేది, మాట మధ్యల పేర్లు మర్చిపోయేది. మళ్ల ఆడనే లేదు బిడ్డా. అంత మంచి ఆటగాడు. ఆ కోచ్ చెడ్డోడు గాదు, మమ్మల్ని సొంత పిల్లల్లెక్క చూసుకునేటోడు, అయినా ఆ ఒక్క పని మాత్రం నేనింకా మాఫ్ చెయ్యలే.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ కథ నువ్వు పిల్లలకి చెప్తవని నాకు తెలుసు. మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లు పడ్డయ్, రహీం సాబ్ ఆయన్ని డిఫెన్స్‌లకెల్లి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గ ఆడించిండు, ఫైనల్‌ల దక్షిణ కొరియా మీద గోల్ కొట్టిండు, 2-1 గెలిచినం. నాకు గూడ ఇయ్యాలటికి ఒళ్లు పులకరిస్తది. కానీ దెబ్బ తగిలినా ఆడుడే మగతనం అని మాత్రం ఆ కథల నుంచి నేర్పకు. అప్పుడు ఎవ్వరికి తెల్వదు, ఇప్పుడు తెలుసు. 2019ల గ్లాస్గో డాక్టర్లు స్కాట్లాండ్ పాత ప్రొఫెషనల్ ఆటగాళ్ల లెక్కలు తీస్తే, మతిమరుపు లాంటి మెదడు రోగాలతోని చనిపోవుడు మామూలు జనం కంటే మూడున్నర రెట్లు ఎక్కువున్నది. ఇంగ్లండ్‌ల 2020 నుంచి ప్రైమరీ బడి పిల్లలకి ట్రైనింగ్‌ల హెడ్డింగే వద్దన్నరు.

గందుకని చిన్నోళ్లకి హెడ్డింగ్ డ్రిల్ పెట్టకు, ఎవడేమన్నా అననీ. తలకి దెబ్బ తగిలితే బయటికే, వాడు ఏడ్చినా వాళ్ల నాయిన నీ మీదికొచ్చినా, ఆ రోజు మళ్ల లోపలికి పంపుడు లేదు. కక్కినా, నిద్రమత్తుగ ఉన్నా, అడిగిందే అడిగినా సీదా దవాఖాన. డాక్టర్ సరే అనేదాక బూట్లు ఇయ్యకు. 2024ల తలదెబ్బకి ఎక్స్‌ట్రా సబ్‌స్టిట్యూట్ రూల్ బుక్‌లకే వచ్చింది, టోర్నమెంట్ వాళ్లు పెట్టుకోవాలె అంతే, నువ్వు పోయే టోర్నమెంట్ల పెట్టిన్రా లేదా ముందే అడుగు.

నీ మోకాలు గూడ ఒకసారి మంచిగ చూపించుకో, డెమో ఇచ్చేటప్పుడు ఎగిరి దూకకు. కోర్స్ ఫీజుకి తక్కువైతే నాకు ఫోన్ చెయ్, మీ నాయినని అడగకు, ఆయనకి పోయిన నెలనే కారు రిపేర్‌కి చాన పోయినయ్. మొదటి ప్రాక్టీస్ ఏ గ్రౌండ్‌ల, ఎన్నింటికో చెప్పు, నేనొచ్చి దూరంగ కూసుంట, ఏం మాట్లాడ.

మీ పెద్దబాపు