పక్క గదిలో పదకొండు నెలలు

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. ఆటిజం ఉంది. సొంతంగా మాట్లాడేది తక్కువ, విన్నదాన్ని తిరిగి పలుకుతాడు. పాటలంటే ప్రాణం. ఒక ఆదివారం మందిరంలో, రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల సమయంలో అందరూ మౌనంగా ఉండగా, వాడు అంతకుముందు విన్న పాట పల్లవి గట్టిగా ఎత్తుకున్నాడు. ఒక సంఘ పెద్ద వచ్చి, "పక్క గదిలో కూర్చోండమ్మా, అక్కడా స్పీకరు ఉంది, వాక్యం బాగానే వినిపిస్తుంది" అన్నారు. ఆ రోజు మొదలు పదకొండు నెలలు నేనూ బాబూ ఆ గదిలోనే ఉన్నాం. మావారు, పాప లోపల కూర్చుంటారు. పెద్దల మాట ఎలా కాదంటాం అంటారాయన. ఒక పెద్దావిడ వారం వారం బాబు తల మీద చేయి వేసి దయ్యం వదిలిపోవాలని ప్రార్థిస్తారు, మా విశ్వాసం చాలడం లేదంటారు. వాడికి బల్లలో భాగం ఎప్పుడిస్తారని అడిగితే, "వాడికి అర్థం తెలియదు కదమ్మా" అన్నారు మా సంఘ కాపరి, పాస్టరుగారు. నెల రోజులుగా నేను వెళ్లడం మానేశాను. ఎందుకు రావడం లేదని ఒక్కరూ అడగలేదు. వాడిని ఆరాధన అయ్యేవరకు నిశ్శబ్దంగా కూర్చోబెట్టే ఉపాయం ఏదైనా చెబుతారా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరడిగిన ఉపాయం నా దగ్గర లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాను. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నా కళ్లు చివరి ప్రశ్న దగ్గర కాక, దానికి ముందున్న చిన్న మాట దగ్గర నిలిచిపోయాయి. నెల రోజులు ఇద్దరు మనుషులు కనబడకపోతే ఒక్కరూ అడగలేదు. బాబు పాడిన పల్లవి కంటే ఈ నిశ్శబ్దమే నాకు పెద్ద సమస్యగా కనిపిస్తోంది.

ఆ సంఘ పెద్దను నేను దుర్మార్గుడని అనను. వాక్యం చెవిన పడితే చాలు, మిగతాదంతా అదనం అని ఆయన అనుకుని ఉంటారు. అదే నిజమైతే అందరూ ఇళ్లలోనే కూర్చుని రేడియో పెట్టుకోవచ్చు, మందిరం ఎందుకు? పక్కవారు పాడుతుంటే వారి గొంతులో గొంతు కలపడం, ఆరాధన అయ్యాక ఎవరో వచ్చి మోకాలి నొప్పి ఎలా ఉందని అడగడం, ఇవేవీ స్పీకరులో రావు.

ఈ మాట చెప్పడానికి నాకూ పెద్ద అర్హత లేదు. మా సంఘంలో చక్రాల కుర్చీలో వచ్చే ఒక అన్న ఉండేవారు. మందిరానికి నాలుగు మెట్లు. నలుగురు యువకులు కుర్చీతో సహా ఆయనను ఎత్తుకుని పైకి తెచ్చేవారు. సువార్తలో పక్షవాయువు గలవాణ్ణి ఇంటి కప్పు విప్పి యేసు ముందు దించిన ఆ నలుగురిలా ఉన్నారని మేమంతా మురిసిపోయేవాళ్లం. ఏళ్ల తర్వాత ఆయన ఒకసారి మెల్లగా అన్నారు: "నన్ను ఎత్తుతున్నప్పుడు అందరూ చూస్తారు, అందుకే అరగంట ముందు వస్తున్నాను." అప్పుడు గానీ టేపు పట్టుకుని మెట్లు కొలవలేదు. రెండు అడుగుల ఎత్తు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు లెక్కన ఇరవై నాలుగు అడుగుల దారి కట్టాలి. కట్టడానికి వారం పట్టింది. ఆయనను అడగడానికే మాకు అన్నేళ్లు పట్టింది.

ఫ్రాన్స్‌లో ఒక దంపతులకు ఇద్దరు కొడుకులు, ఇద్దరికీ తీవ్రమైన మేధో వైకల్యం. లూర్దు అనే కథోలిక పుణ్యక్షేత్రానికి యాత్ర వెళ్లబోతే, పిల్లల వల్ల మిగతా యాత్రికులకు ఇబ్బంది అని వారిని చేర్చుకోలేదు. సొంతంగా వెళ్తే, భోజనం మీ గదిలోనే చేయాలన్న షరతు మీద ఒక హోటలు చోటిచ్చింది. చూశారా, మీకు చూపించిన గది కొత్తదేమీ కాదు. ఆ తల్లిదండ్రుల గోడు విన్నవారు అలాంటి కుటుంబాల కోసమే యాత్ర తలపెట్టారు. 1971 ఈస్టరుకు లూర్దుకు పన్నెండు వేల మంది చేరారు, వారిలో సుమారు నాలుగు వేల మంది మేధో వైకల్యం ఉన్నవారే. అయితే ఆ యాత్ర తలపెట్టిన ఇద్దరిలో ఒకరైన జాన్ వానియే, ఆధ్యాత్మిక సలహా పేరుతో కొందరు స్త్రీలను లైంగికంగా వాడుకున్నారని ఆయన చనిపోయిన మరుసటి ఏడాది, 2020లో, ఆయన స్థాపించిన సంస్థే విచారణ జరిపి బయటపెట్టింది. ఇది చెప్పకుండా ఆ యాత్రను పొగడటం నాకు చేతకాదు. మీకూ ఇది అవసరం: రేపు బాబుకు తోడుంటామని ఎంత మంచివారు ముందుకొచ్చినా, ఒక్కరితో తలుపు మూసిన గదిలో వదలకండి. ఎప్పుడూ ఇద్దరు ఉండాలి.

ఇక బాబు సంగతి. వాడు అల్లరి చేయలేదు, పాట పాడాడు, అదీ మందిరంలో. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు శబ్దం మనకు వినిపించినట్టు వినిపించదు. డ్రమ్ము దెబ్బ, మైకు కీచుమనడం వాళ్లకు ఒంటి మీద పడ్డ దెబ్బలాంటివి. తర్వాత ఏం జరగబోతుందో తెలియకపోతే బెంబేలెత్తుతారు. అందుకని స్పీకరుకు దూరంగా, తలుపుకు దగ్గరగా, వరుస చివర ఒక చోటు అడిగి తీసుకోండి, ప్రతి వారం అదే చోటు. శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు పెట్టండి. పాట, ప్రార్థన, వాక్యం, బల్ల, ఆశీర్వచనం – ఒక్కోదానికి ఒక్కో బొమ్మ గీసి అట్ట మీద వరుసగా అంటించండి. ఒక్కొక్కటి అయిపోగానే వాడే ఆ బొమ్మ తీసేస్తాడు. మరీ తట్టుకోలేనప్పుడు పక్క గదికి వెళ్లి పది నిమిషాలు ఉండి తిరిగి రండి. ఆ గది వాడి విశ్రాంతికి ఉండాలి గానీ వాడి చిరునామా కాకూడదు. అప్పుడప్పుడూ పాట ఎత్తుకుంటాడు, నిజమే. ముందు వరుసలో దగ్గే పెద్దాయనను ఎవరూ బయటికి పంపరు కదా.

అన్నిటికన్నా ముఖ్యం, వాడికొక పని కావాలి. ఇలాంటి పిల్లల్లో చాలామందికి వస్తువులు వరుసగా పేర్చడం ఇష్టం, మీవాడికీ ఇష్టమేమో చూడండి. ఆరాధనకు అరగంట ముందు, హాలు ఖాళీగా ఉన్నప్పుడు, కుర్చీకొకటి చొప్పున పాటల పుస్తకాలు పెట్టే పని వాడికి ఇప్పించండి. ఒక్క పుస్తకం వంకరగా ఉన్నా వెనక్కి వెళ్లి సరిచేస్తాడని నా నమ్మకం. దానివల్ల ఇంకో లాభం ఉంది. ఒక వారం వాడు రాకపోతే కుర్చీల మీద పుస్తకాలు ఉండవు. అప్పుడైనా అడుగుతారు.

ఆ పెద్దావిడ విషయంలో మెత్తబడకండి. ఆటిజం దయ్యం కాదు, మెదడు ఎదిగే తీరులో ఉన్న తేడా. పుట్టు గుడ్డివాడిని చూసి "పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా" అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదని ప్రభువే చెప్పాడు. యోహాను తొమ్మిదో అధ్యాయం ఆవిడకూ కంఠతా వచ్చే ఉంటుంది. అమెరికాకు చెందిన జోనీ ఎరెక్సన్ టాడాకు 1967లో, పదిహేడో ఏట, నీళ్లలోకి దూకినప్పుడు మెడ దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోయాయి. స్వస్థత కూటాలకు వెళ్లారు, చక్రాల కుర్చీలోనే తిరిగొచ్చారు. ఆ తర్వాత వైకల్యం ఉన్నవారి కోసం పెద్ద పరిచర్యే నడిపారు. జోనీకి విశ్వాసం చాలలేదని ఎవరనగలరు? మీరు మాత్రం తగువు పెట్టుకోకుండా, "అమ్మగారూ, తల ముట్టుకుంటే వాడికి కష్టంగా ఉంటుంది. మీ ఇంట్లో వాడి పేరు తలచుకుని ప్రార్థించండి" అని చెప్పండి. మూడోసారి కూడా చేయి చాపితే, మధ్యలో మీ చేయి అడ్డం పెట్టండి. తల్లి ఆ మాత్రం చేయవచ్చు.

బల్ల విషయంలో ఒక్కో సంఘానికి ఒక్కో క్రమం. బాప్తిస్మం లేనిదే ఇవ్వని సంఘం ఉంటే దాన్ని నేను తప్పు పట్టను. కానీ "అర్థం తెలియదు" అన్న మాటను ఊరికే వదలకండి. నోటితో చెబితేనే అర్థమైనట్టా? అమెరికాలోని కథోలిక బిషప్పులు 1995లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, అది మామూలు ఆహారం కాదన్న ఎరుక సైగతోనో భక్తితో కూడిన మౌనంతోనో తెలిసినా చాలన్నారు. ఇంతకీ మొదటి బల్ల దగ్గర కూర్చున్న శిష్యులు, లూకా సువార్త ప్రకారం, ఆ రాత్రే మనలో ఎవరు గొప్ప అని వాదులాడుకున్నారు. వారికి మాత్రం ఎంత అర్థమైందట? ఏ గుర్తు కనిపిస్తే ఒప్పుకుంటారో కాపరినే అడగండి.

ఇవన్నీ అడిగాక మూడు నెలలు చూడండి. మార్పు నెమ్మదిగా వచ్చినా, తడబడుతూ వచ్చినా ఉండండి. గదిలోనే కూర్చోమని మళ్లీ అంటే మాత్రం వేరే సంఘం వెతుక్కోండి. అది దేవుణ్ణి విడిచి వెళ్లడం కాదు.

మీ ఉత్తరంలో పాప గురించి సగం వాక్యమే ఉంది. అమ్మను, తమ్ముడినో అన్ననో గోడకు అవతల కూర్చోబెట్టడం దేవుని ఇంట్లో మామూలే అని ఆ పిల్ల పదకొండు నెలలుగా నేర్చుకుంటోంది. మీవారి పక్కన కూర్చుని నేర్చుకుంటోంది. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. సిగ్గు కావచ్చు, పెద్దలంటే భయం కావచ్చు, వాడి గురించి ఎవరికీ చెప్పుకోలేని దుఃఖమూ కావచ్చు. ఆయనతో గొడవ పడకండి. మళ్లీ వెళ్లే మొదటి ఆదివారం మీరు పాపతో లోపల కూర్చోండి. బాబును తీసుకుని ఆ గదిలో ఆయన కూర్చుంటారు, మొదటి పాట నుంచి ఆశీర్వచనం దాకా. కాపరి దగ్గరికి ఆ తర్వాత ఇద్దరూ కలిసి వెళ్లండి. మాట మాత్రం ఆయనే మొదలుపెట్టాలి.