అమ్మలాంటిది అనకండి

“మీకన్నా నలభై ఏళ్ళు పెద్దవాళ్ళతో స్నేహం కుదురుతుందా, బయటివాళ్ళు ఇంటివాళ్ళు అవుతారా?” అని ఒకరు అడిగారు. అవుతారు. నాకైతే రోజూ గొడవపడే మనిషితోనే కుదిరింది.

2017లో ఉద్యోగానికని శ్రీకాకుళం జిల్లా పలాస వచ్చి, పక్కనే కాశీబుగ్గలో మేడమీద రేకుల గది అద్దెకు తీసుకున్నాను. కింద ఇంటామె ఒక్కతే, అరవై ఎనిమిదేళ్ళు. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ వేళ్ళ చివర్లు నల్లబడిపోయాయి, పిక్కలోంచి జీడి రసం చిమ్మితే, చేతులకు నూనె రాసుకున్నా కాల్చేస్తుందట. మొదటి ఏడాదంతా మా మాటలు మోటారు స్విచ్ గురించే. “బావూ, టాంకీ నిండి కారిపోతంది, సెవుడేటి నీకు?”

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ముందురోజు సాయంత్రం కిందికొచ్చి పడుకోమంటే, నేను ఫోన్‌లో మ్యాప్ చూపించి “ఒడిశాలో గోపాల్‌పూర్ వైపు పోతుంది మామ్మా” అని జ్ఞానబోధ చేశాను. మూడింటికి నా నెత్తిమీద రేకు లేచిపోయింది. మెట్లమీద పాక్కుంటూ దిగితే, తలుపు గడియ వెయ్యలేదు, బియ్యం డబ్బా అడ్డంపెట్టి దాన్నే ఆనుకుని కూర్చుంది. వస్తానని తెలుసన్నమాట. “మేప్ ఏటన్నాది?” అంది. తెల్లారేలోగా ఆ మాట నాలుగుసార్లు అంది. పెరట్లో కొబ్బరిచెట్లు రెండూ ఒకదాని వెనక ఒకటి పడిన చప్పుడుకి మాత్రం నోరు మెదపలేదు, నా చెయ్యి పట్టుకుంది.

తర్వాత చాలారోజులు కరెంటు లేదు. జనరేటర్ పెట్టి ఫోన్ ఛార్జింగ్‌కి 30 రూపాయలు గుంజినవాడి మీద నాకిప్పటికీ కోపమే. ఆవిడ కట్టెలపొయ్యి మీద వండేది, నేను బోరింగు నుంచి నీళ్ళు మోసేవాణ్ణి. ఆ బిందెల దగ్గరే కుదిరింది మాకు.

ఇది చెప్పగానే “ఓహో, అమ్మలాంటిది” అంటారు చూడండి, ఒళ్ళు మండుతుంది. మా అమ్మ బొబ్బిలిలో నిక్షేపంగా ఉంది. నా అప్పుల సంగతి ఆవిడకు తెలీదు, ఈవిడకు వడ్డీతో సహా తెలుసు. కన్నవాళ్ళకు చెప్పుకోలేనివి చెప్పుకోడానికే పెద్దవయసు స్నేహితులు. మనవాళ్ళు వరస కలిపితేగానీ ఊరుకోరు.

నేను శ్రీకాకుళం మారిపోయాక మామ్మకు కంటి శుక్లం ఆపరేషన్ అయింది. ఆసుపత్రి కాగితంలో “రోగితో బంధుత్వం” దగ్గర నా పెన్ను ఆగింది. కౌంటర్లో అమ్మాయి “రక్తసంబంధీకులెవరూ రాలేదా?” అని విసుక్కుంటుంటే, ఈవిడే “మా మేడమీద అద్దెకున్నోడని రాయమ్మా” అంది. ఆ గడిలో అదే రాశాను.

చెట్లు పడిన చోట 2019లో రెండు మొక్కలు పెట్టాం. ఇప్పుడు కాస్తున్నాయి. మొదటి గెల దింపిన రోజు ఫోన్ చేసి, “గొయ్యి తవ్వినోడివి నువ్వే గానీ నీల్లోసింది నాను, నీకు మూడోవంతే” అంది. సగానికి బేరం ఆడుతున్నాను.