మన దేశంలో హెచ్‌ఐవీ ఒకే రకమా? అది ఎవరి నుంచి వచ్చిందో జన్యుపరీక్షలో తెలుస్తుందా?

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను: ఆ పరీక్షలో అది తెలియదు. హైదరాబాదులో హెచ్‌ఐవీకి మందులిచ్చే ఒక ఏఆర్‌టీ కేంద్రంలో పదకొండేళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. ఈ ప్రశ్నను వైద్యం కోసం అడిగినవారికంటే పంచాయితీ కోసం అడిగినవారే ఎక్కువ.

మందుల వరుస మెట్లదాకా పెరిగిన ఒక సోమవారం, నల్గొండ వైపు నుంచి తెల్లవారుజాము బస్సుకు వచ్చిన కుటుంబం నా గదిలో కూర్చుంది. కొడుక్కు మందులు పనిచేయడం లేదని, అప్పు చేసి మరీ దంపతులిద్దరికీ ఒక ప్రైవేటు ల్యాబులో వైరస్ జన్యుపరీక్ష చేయించారు. అత్తగారు రెండు రిపోర్టులు తీసి, ‘సబ్‌టైప్ సి’ కింద బాల్‌పెన్నుతో గీసిన గీతలను చూపి, "ఇద్దరికి సీయే వచ్చింది గద మేడం, అంటే నా కొడుక్కు ఈ పిల్లతోటే అంటినట్టు గద?" అన్నది. కొడుకేమో ఎ, బి దశలు దాటి మూడో దశకు చేరానని బెంగ పెట్టుకున్నాడు. కోడలు తలెత్తకుండా ఒళ్లోని టిఫిన్ డబ్బా క్లిప్పును తీస్తూ, పెడుతూ ఉంది.

సి అనేది దశ కాదు, వైరస్ వంశానికి పెట్టిన గుర్తు. అమెరికా, పశ్చిమ ఐరోపాలలో బి రకం ఎక్కువ; మన దేశంలో 90 శాతానికి పైగా కేసులు సి రకానివే. కాబట్టి ఇద్దరికీ సి వచ్చిందని కోడలిని దోషిగా నిలబెట్టదలిస్తే, బయట వరుసలో ఉన్న ముక్కూమొహం తెలియని వారందరినీ అదే నేరానికి పిలవవలసి ఉంటుంది. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్ బృందం తొలి కేసులను గుర్తించింది. ఆ తర్వాత జరిగిన జన్యు అధ్యయనాల ప్రకారం, మన సి వైరస్‌లలో అధికభాగం ఆఫ్రికాలోని సి రకం నుంచి చీలిన ఒకే శాఖకు చెందినవి. ఆ శాఖ ఒక్కసారిగా దేశమంతా పరచుకోబట్టే మన దగ్గర ఈ ఏకరూపత. మణిపూర్‌లో మాత్రం, సూదులు పంచుకునేవారిలో థాయ్‌లాండ్ వైపు నుంచి వచ్చిన బి, మన సి కలిసిపోయిన మిశ్రమ రకాలు కూడా కనిపించాయి.

పైగా ఈ వైరస్ తన ప్రతిని రాసుకునేటప్పుడు తప్పులు దిద్దుకోదు, అందువల్ల ఒకే మనిషి ఒంట్లో కూడా అది ఒక్క రూపంలో నిలవదు. రెండు వైరస్‌లు దగ్గరి చుట్టాలని పరీక్ష చెప్పవచ్చు గాని, ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో ఆ పోలిక ఒక్కటే తేల్చలేదు. వైద్యానికి అసలు ముఖ్యమైన తేడా హెచ్‌ఐవీ-1 (పైన చెప్పిన బి, సి రకాలు దీనివే), హెచ్‌ఐవీ-2 అనే రెండు వేర్వేరు వైరస్‌ల మధ్య ఉంది, ఎందుకంటే నెవిరపిన్, ఎఫావిరెంజ్ వంటి మందులు రెండోదానిపై పనిచేయవు. రోగి చేతికిచ్చే కాగితం మీద సబ్‌టైప్ గడి ఉండనే కూడదని నా గట్టి అభిప్రాయం; వేలకు వేలు తీసుకునే ల్యాబులు ఆ అక్షరానికి తెలుగులో ఒక్క వాక్యం వివరణ రాయవు, కాపురాలు మాత్రం దాని మీద కూలుతాయి.

కొడుకు రిపోర్టులో పనికొచ్చే రెండో పేజీని వారు తిప్పనే లేదు. లామివుడిన్, నెవిరపిన్‌లకు వైరస్ లొంగడం లేదని అందులో ఉంది. దాన్ని చూశాకే డాక్టరుగారు, మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే సెకండ్ లైన్ మందుల కోసం పేరు పంపారు. వెళ్లేటప్పుడు అత్తగారు గీతలున్న మొదటి పేజీలు రెండూ మడిచి సంచిలో పెట్టుకుని, మిగతావి నా బల్ల మీదే వదిలేసింది.