లెదర్ సోఫాకు కొబ్బరి నూనె రాయవచ్చా?

అమలాపురం నుంచి ఈ మధ్యే అమెరికా వచ్చిన ఒక జంట, ముచ్చటపడి కొనుక్కున్న లెదర్ సోఫా తొలి చలికాలంలోనే బిరుసెక్కి సన్నని గీతలు పడుతున్నదనీ, ఊరి నుంచి తెచ్చుకున్న కొబ్బరి నూనె పట్టిస్తే మెత్తబడుతుందా అనీ అడిగారు. దయచేసి రాయవద్దు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దిగువన గడ్డకడుతుంది కనుక చలికాలపు గదిలో అది తోలు మీద జిడ్డుపొరగా నిలిచి దుమ్మును పట్టుకుంటుంది. లోపలికి ఇంకినంత మేరా రంగు నల్లబడుతుంది. ఆలివ్ నూనె, నువ్వుల నూనె కూడా పనికిరావు, అవి పాతబడిన కొద్దీ కనరు వాసన వేస్తాయి.

అసలు కారణం గాలిలో ఉంది. కాలువలు, వరిచేలు, కొబ్బరితోటల నడుమ పెరిగిన మనకు గాలిలో తేమ లేకపోవడమంటే ఏమిటో తెలియదు. చలిదేశాలలో బయటి చల్లని గాలిని హీటరు వేడిచేసినప్పుడు దాని సాపేక్ష తేమ బాగా పడిపోతుంది, ఒక్కొక్కప్పుడు 20 శాతానికి కూడా దిగుతుంది. ఆ గాలి తోలులోని తేమను లాగేస్తుంది. అందువల్ల సోఫాను వేడిగాలి వచ్చే రంధ్రాలకు కనీసం రెండడుగుల దూరం జరిపి, నేరుగా ఎండ పడకుండా చూసి, గాలికి తేమనిచ్చే యంత్రమైన హ్యూమిడిఫయర్‌తో గదిలో తేమను 40 శాతం దరిదాపుల్లో ఉంచితే సగం బాధ తీరుతుంది.

తరువాత మీ తోలు ఏ రకమో తెలుసుకోవాలి. కనబడని మూల ఒక నీటిబొట్టు వేయండి. బొట్టు ఇంకి ఆ చోటు ముదురు రంగుకు మారితే అది పైపూత లేని అనిలిన్ తోలు. బొట్టు బొట్టుగానే నిలిస్తే రంగుపూత ఉన్న పిగ్మెంటెడ్ తోలు. తోలుపొడిని ప్లాస్టిక్ జిగురుతో అతికించి చేసే బాండెడ్ లెదర్ పొరలు పొరలుగా లేచిపోతే దానికి తోలును మెత్తగా ఉంచడానికి రాసే ఏ కండిషనరూ మందు కాదు. కొనేముందే చీటీ చదవడమొక్కటే మార్గం.

వారానికొకసారి వ్యాక్యూమ్ క్లీనరుకు మెత్తని బ్రష్ తగిలించి కుట్ల సందులలోని దుమ్ము తీసి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. తోలుకు స్వతహాగా కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది కనుక క్షారగుణమున్న ఒంటిసబ్బు, అమ్మోనియా కలిసిన ద్రావణాలు దానిని పాడుచేస్తాయి. తోలు కోసమే చేసిన క్లీనర్ వాడండి. శుభ్రం చేశాక కండిషనర్‌ను గుడ్డకు అద్దుకుని పలచగా రాసి, మిగిలినది తుడిచివేయండి. ఏడాదికి రెండుమూడు సార్లు చాలు, అందులో ఒకటి హీటరు మొదలయ్యే ముందు. పిగ్మెంటెడ్ తోలులోకి కండిషనర్ పెద్దగా ఇంకదు. మనవాళ్ళు చాలామంది దానికి ఎక్కువ పూసి, శుభ్రం మాత్రం తక్కువ చేస్తున్నారని నా అభిప్రాయం.

మన ఇళ్ళలో సోఫాకు నిజమైన శత్రువు తలనూనె. తల ఆనే చోట నూనె, చెమట నెలల తరబడి చేరితే పైపూత మెత్తబడి, జిగటగా మారి, రంగు ఊడుతుంది. అది ఊడిన తరువాత ఇంట్లో చేయగలిగిందేమీ ఉండదు కనుక అక్కడ ఒక నూలు తువ్వాలు వేసి, తరచూ ఉతకండి. ఆత్రేయపురం పూతరేకుల నెయ్యి జారిపడితే నీళ్ళతో రుద్దవద్దు. పొడిగుడ్డతో అద్ది తీసి, అనిలిన్ తోలైతే మెత్తని తెల్లని మొక్కజొన్న పిండి (కార్న్‌స్టార్చ్) చల్లి రాత్రంతా ఉంచి దులపండి. ఆవకాయ పడితే వెంటనే తీసేయాలి. మిగిలిన పసుపు మరక మీద గోళ్ళరంగు తుడిచే ద్రావణం ప్రయోగిస్తే మరకతో పాటు తోలు రంగూ పోతుంది, తోలు శుభ్రం చేసే పనివాడిని పిలవండి.

ఊళ్ళో అమ్మానాన్నలకు కూడా లెదర్ సోఫా కొనిపెట్టామని మీరు రాశారు. అక్కడ వ్యవహారం పూర్తిగా తిరగబడుతుంది. వానాకాలంలో మూసిన గదిలో తోలుకు బూజు పడుతుంది, రాసిన నూనెలు బూజుకు మేతవుతాయి. కండిషనర్ తగ్గించి, సోఫాను గోడకు జానెడు ఎడంగా ఉంచి, ఫ్యాను తిరగనివ్వమనండి. బూజు కనబడితే వరండాలోకి తెచ్చి మెత్తని బ్రష్‌తో దులిపి నీడన ఆరబెట్టాలి, ఎండలో కాదు. ఇల్లు తాళం వేసి మీ దగ్గరకు వచ్చేటప్పుడు ప్లాస్టిక్ కవరు కప్పితే తేమ లోపలే నిలుస్తుంది కనుక పాత నూలు దుప్పటి కప్పి రమ్మని చెప్పండి.