కరువు భత్యంలో కరువు ఎవరిది?

సందేహం: నేను గుంతకల్లులో రైల్వే ఉద్యోగిని. మా తమ్ముడు సికింద్రాబాదులో అదే హోదాలో పనిచేస్తున్నాడు. ఇద్దరికీ కరువు భత్యం (డీఏ) ఒకే శాతం. ‘కరువు జిల్లా మాదైతే కరువు భత్యం నీకూనా?’ అని నేనంటే, ‘ఇక్కడి అద్దెలకంటే మీ కరువే నయం’ అని వాడంటాడు. వానలు బాగా పడిన ఏడాది కూడా దీన్ని కరువు భత్యం అనడం సబబేనా? ధరల భత్యం అనకూడదా? ఊరి ఖర్చును బట్టి ఇచ్చే సొమ్ముకు తెలుగులో తగిన పేరు ఏది? కరవు, కరువు - వీటిలో ఏది ఒప్పు?
- ఒక పాఠకుడు, గుంతకల్లు

సమాధానం: కరువనగానే వాన పడకపోవడం గుర్తుకు రావడం అనంతపురం జిల్లావాళ్ళకు సహజమే. నేనూ ఆ జిల్లావాడినే కనుక ఆ తొందర నాకూ తెలుసు. కానీ వాన పడకపోతే అది అనావృష్టి. దాని తర్వాత వచ్చేది కరువు. గింజ దొరకకపోవడం, దొరికినా కొనే శక్తి లేకపోవడం కరువు. ‘కరువుతీరా మాట్లాడుకున్నారు’ అన్నప్పుడు అక్కడ మబ్బుల ప్రసక్తి లేదు, చాలాకాలంగా దొరకనిది దొరికిందనే అర్థముంది. కాబట్టి చెరువులు నిండిన ఏడాదిలో కందిపప్పు ధర చూసి కరువనుకుంటే అది భాషాదోషం కాదు.

పైగా ఈ రెండు ముక్కల పేరు ఎంత చక్కగా కుదిరిందో చూడండి. ఉద్యోగులకు ఈ సొమ్ము రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మొదలైంది. అప్పట్లో దీన్ని ఇంగ్లీషులో ‘డియర్ ఫుడ్ అలవెన్స్’ అన్నారు, అంటే తిండి ప్రియమైనందుకు ఇచ్చేది. తర్వాత ఇంగ్లీషు పేరులోంచి తిండి జారిపోయింది, ‘డియర్‌నెస్ అలవెన్స్’ అని ఒట్టి ప్రియమే మిగిలింది. తెలుగులో మాత్రం తిండి ఇంకా కూర్చునే ఉంది. ఎక్కడంటారా? భత్యంలో.

సంస్కృతంలో భక్తం అంటే అన్నం. ప్రాకృతంలో అది భత్తమైంది. హిందీలో అన్నాన్ని భాత్ అనడం, మీకు పొరుగున కన్నడంలో వడ్లను భత్త అనడం ఆ మూలం నుంచే. మన బత్తెం కూడా ఆ కుదురులోదే. ప్రయాణంలో మూట కట్టుకుని వెళ్ళే తిండిని దారిబత్తెం అంటాం. ‘జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానన్నదట’ అనే సామెతలో జీతం వేరు, బత్తెం వేరు. చేసిన పనికి జీతం, పొట్టకు బత్తెం. కోర్టు సాక్షికీ లారీ డ్రైవరుకూ ఇచ్చే బత్తా దీని చుట్టమే. అమరకోశంలో వేతనానికి పర్యాయపదంగా ‘భృత్యా’ ఉంది కదా, భత్యం అందులోంచి వచ్చిందేమో అనేవారూ ఉన్నారు. ఆ వాదాన్ని తోసిపుచ్చను. అయితే నాకు తోచేది వేరు: బత్తెం ముందు, దానికి పండితులు సంస్కృతపు పంచె కట్టి భత్యం చేయడం తర్వాత. ఏది నిజమైనా, కరువులో తిండికని ఇచ్చే సొమ్ము కరువు భత్యం. ఇంతకంటే సూటి పేరు దొరకదు. తెలుగు మాటకు సంస్కృతం అతికారనే అభ్యంతరం కూడా నిలవదు. చిన్నయసూరి బాలవ్యాకరణమే మిశ్రమ సమాసాలకు చోటిచ్చింది.

ఇరుగుపొరుగు పేర్లు చూస్తే కన్నడిగులది తుట్టి భత్యె. తుట్టి అంటే ఖరీదెక్కువ, హిందూపురం, మడకశిరల వాళ్ళకు చెప్పనక్కరలేదు. హిందీలోనూ అదే భావం, మహంగాయీ భత్తా. మలయాళీలు క్షామబత్త అంటారు. అంటే క్షామాన్ని పట్టుకున్నవాళ్ళం మనమూ వాళ్ళూ. మీరడిగిన ధరల భత్యం తప్పు కాదు గానీ చప్పగా ఉంది. ధర ఎప్పుడూ ఉంటుంది, అది ఎక్కువైందనే బాధ ఆ పేరులో లేదు. ఖరీదుకు తెలుగులో ఉన్న మంచి మాట ప్రియం. కానీ ప్రియభత్యం అంటే ఎవరికి ఇస్తున్నారని ఇంట్లో అడుగుతారు! మన బజారు భాషే వింత. కొనలేనిది ప్రియం, కొనగలిగినది సరసం.

ఇక మీ అన్నదమ్ముల తగాదా. అది మాటల తగాదా కాదు, లెక్కల తగాదా. కరువు భత్యం కాలాన్ని కొలుస్తుంది, ఊరిని కొలవదు. కేంద్ర ఉద్యోగులకు దాన్ని జనవరి, జూలై నెలల నుంచి వర్తించేలా ఏటా రెండుసార్లు సవరిస్తారు. దేశంలోని 88 పారిశ్రామిక కేంద్రాల ధరలు కలిపి కట్టే సూచీ దానికి ఆధారం. నిన్నటికంటే నేడు ఎంత పెరిగిందనేదే అక్కడి ప్రశ్న, గుంతకల్లులో ఎంత, సికింద్రాబాదులో ఎంత అని కాదు. ఊరిని చూసేది ఇంటి అద్దె భత్యం. అదైనా ఊరి జనాభాను చూస్తుంది గానీ అద్దె చీటీని చూడదు. 50 లక్షలు దాటిన నగరం ఒక తరగతి, 5 లక్షల నుంచి 50 లక్షల దాకా మరొకటి, మిగిలినవన్నీ మూడోది. 2024 జనవరి నుంచి మూల వేతనంలో వరుసగా 30, 20, 10 శాతం. మీ తమ్ముడికి 30, మీకు 10. కర్నూలు, అనంతపురం, కడప నగరాలైనా 2011 లెక్కల్లో 5 లక్షలకు చేరలేదు కనుక అవీ మీ వరుసలోనే ఉన్నాయి.

బియ్యం, బడి ఫీజు, బస్సు ఛార్జీ వంటి మిగతా ఖర్చుల తేడాకు ఒకప్పుడు ‘నగర పరిహార భత్యం’ ఉండేది. కేంద్రంలో ఆరో వేతన సంఘం తర్వాత, 2008లో అది పోయింది. పోయినందుకు మీ తమ్ముడు బాధపడాలి గానీ ఆ పేరు పోయినందుకు నాకేమీ బాధ లేదు. పరిహారం అంటే తొలగించడం, విడిచిపెట్టడం. తామ్రశాసనాల్లో సర్వకరపరిహారం అంటే పన్నులన్నీ మినహాయించడం. నష్టాన్ని తొలగిస్తే నష్టపరిహారం, దోషాన్ని తొలగిస్తే దోషపరిహారం. ఆ లెక్కన నగర పరిహారం అంటే నగరాన్నే తొలగించడమవుతుంది! మీరు అర్జీ పెట్టేటట్లయితే ‘స్థానిక వ్యయ భత్యం’ అని రాయండి, అర్థమవుతుంది. నన్నడిగితే ఊరి భత్యం చాలు.

ఊరి ధరకు డబ్బును ముడివేయడం కొత్త ఆలోచనేమీ కాదు. 1876-78 నాటి ధాత కరువు మన కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాలను పీల్చి పిప్పిచేసింది. అప్పుడు సహాయ పనుల్లో మగ కూలికి రోజుకు పౌను ధాన్యం ధర, దానిపై ఒక అణా చొప్పున ఇమ్మని 1877లో బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. ధాన్యం ధర మారితే చేతికొచ్చే డబ్బూ మారాలన్నది అందులోని సూత్రం. సూత్రం బాగానే ఉంది, పౌను గింజలతో ఒళ్ళు వంచి పనిచేసే మనిషి బతకడనే గొడవ అప్పుడే వచ్చింది. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా ఎదురు తిరిగాడు. కరువు, కూలి, తిండి మూడూ ఒక్క లెక్కలో ఇరుక్కున్న సందర్భమది.

చివరి ప్రశ్నకు జవాబు చిన్నది. కావ్యాల్లో శకటరేఫతో, అంటే బండి ‘ఱ’తో ‘కఱవు’ అని ఉంటుంది. శకటరేఫ వాడుక పోయి కరవు అయింది. చివరి ఉకారం ప్రభావంతో నడిమి అచ్చు కూడా ఉకారమై కరువు అయింది. మరపు మరుపైనట్లే ఇదీ. పత్రికల్లో రెండూ కనిపిస్తున్నాయి, రెండూ ఒప్పే. పాత భాషలో మామూలు రేఫతో ఉన్న ‘కరువు’కు పోతపోసే మూస అనే అర్థం కూడా ఉంది కనుక, ప్రాచీన పద్యం చదివేటప్పుడు మాత్రం ఆ బండి ‘ఱ’ ఉందో లేదో చూసుకోండి.